లూవిల్‌లో చివరి ఎస్కేప్

కెంటకీలోని ఈ నదీతీర నగరంలో ఒక అందుబాటు ధర ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఎస్‌యూవీ ఉత్పత్తి ఆగిపోయింది. మిగిలిన బండ్ల కోసం వెతుకుతూ తిరిగితే ఊరు అర్థమవుతుంది, అమెరికా కార్ల బజారూ అర్థమవుతుంది.

కాగితం మీద ఈ ఊరి పేరు లూయిస్‌విల్. ఊళ్లో మాత్రం అలా పలికేవాళ్లు కనిపించరు. మధ్య అక్షరాలు మింగేసి, నోట్లో గోళీ పెట్టుకున్నట్టు 'లూవిల్' అంటారు. అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి అండగా నిలిచిన ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ పేరును 1780లో ఈ ఊరికి ఖాయం చేశారు. ఒహాయో నది ఇక్కడ రాళ్ల మీదుగా జారుతుంది. నీళ్లు తక్కువగా ఉన్న కాలంలో పడవలు ముందుకు సాగేవి కావు. సరుకంతా దించి, ఒడ్డు వెంట మోసుకెళ్లి, రాళ్లు దాటాక మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది. ఆ దింపుడు, ఎత్తుడుల్లోంచే ఊరు పెరిగింది. సరుకు రవాణా ఇప్పటికీ దాని బతుకుతెరువే. అప్పట్లో పడవలైతే ఇప్పుడు విమానాలు. పార్సిళ్ల కంపెనీ యూపీఎస్ ప్రధాన విమాన కేంద్రం ఇక్కడే ఉంది.

బయటి ప్రపంచానికి లూవిల్ అంటే గుర్తొచ్చేవి వేరు. 1875లో మొదలై నేటికీ ఆగని కెంటకీ డెర్బీ గుర్రప్పందెం వాటిలో మొదటిది. రెండు నిమిషాల్లో ముగిసే ఆ పరుగు కోసం ఊరు ఏడాదంతా ముస్తాబవుతుంది. రెండోది బర్బన్ విస్కీ. మూడోది మహమ్మద్ అలీ. 1942లో ఇక్కడ పుట్టిన ఆ బాక్సర్ 2016లో కన్నుమూశాక ఈ ఊరి కేవ్ హిల్ శ్మశానవాటికలోనే విశ్రమించాడు. 2019లో విమానాశ్రయానికీ ఆయన పేరు పెట్టారు. ఈ జాబితాలో చోటు దక్కకపోయినా వేలాది ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నది మాత్రం నాలుగోది. అది కార్ల తయారీ.

నేను వెళ్లింది 2025 డిసెంబర్ చివర్లో. గుర్రాల కాలం కాదు. మేనల్లుడి కారు వేటకు తోడు వెళ్లడమే పని. అతడు ఇక్కడి ఆరోగ్య బీమా రంగానికి సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగి. తూర్పు శివారు మిడిల్‌టౌన్‌లో గరాజ్ ఉన్న అద్దె ఇల్లు, భార్య, స్కూలుకెళ్లే కూతురు, పదేళ్లు దాటిన సెడాన్. ఆఫీసు, స్కూలు, కిరాణా కలిపి రోజుకు 35 మైళ్లు, అంటే 56 కిలోమీటర్లు తిరుగుతాడు. ఏడాదికి రెండుసార్లు షికాగో పక్కన అరోరాలోని బాలాజీ గుడికి పోయి రావాలి. మధ్య పశ్చిమ అమెరికాలోని తెలుగువాళ్లకు ఆ గుడి చిన్న తిరుపతి లాంటిది. లూవిల్ నుంచి దూరం 500 కిలోమీటర్ల పైమాటే.

ఈ రెండు రకాల తిరుగుడుకూ సరిపోయే బండి ఏది? మేనల్లుడి జవాబు ఫోర్డ్ ఎస్కేప్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్. చిక్కల్లా ఒక్కటే. ఇంటికి పాతిక కిలోమీటర్ల దూరంలో, ఇదే ఊళ్లో తయారయ్యే ఆ బండి ఉత్పత్తి నేను దిగేనాటికే ముగిసింది.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే ఏమిటో ఒక మాట చెప్పుకోవాలి. మామూలు హైబ్రిడ్‌లో చిన్న బ్యాటరీ ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు దానంతట అదే చార్జి అవుతుంది. బయటి కరెంటుతో పనిలేదు. పూర్తి ఎలక్ట్రిక్ కారులో పెద్ద బ్యాటరీ తప్ప ఇంజినే ఉండదు. ప్లగ్-ఇన్ ఈ రెండింటికీ నడిమధ్యది. ఎస్కేప్‌లో 14.4 యూనిట్ల బ్యాటరీ, 2.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్ రెండూ ఉంటాయి. గోడకున్న ప్లగ్గులో పెట్టి చార్జి చేస్తే అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం 37 మైళ్లు, దాదాపు 60 కిలోమీటర్లు, చుక్క పెట్రోలు తాగకుండా నడుస్తుంది. ఆ తర్వాత మామూలు హైబ్రిడ్‌లా గాలన్‌కు 40 మైళ్లిస్తుంది. మామూలు 120 వోల్టుల ప్లగ్గులో రాత్రంతా, 240 వోల్టులైతే మూడున్నర గంటల్లో చార్జి నిండుతుంది. వారమంతా కరెంటు మీద ఆఫీసు, సెలవుల్లో పెట్రోలు మీద అరోరా. కాగితం మీద ఇంతకంటే చక్కటి ఏర్పాటు ఉండదు.

పైగా ధర. అమెరికాలో కొత్త కారు సగటు ధర 2025 సెప్టెంబర్‌లో మొదటిసారి 50 వేల డాలర్లు దాటిందని కెల్లీ బ్లూ బుక్ సంస్థ లెక్క తేల్చింది. ఆ లెక్కన స్టిక్కరు మీద 40 వేల డాలర్ల దరిదాపున్న ఎస్కేప్ ప్లగ్-ఇన్ అందుబాటు సరుకే. మన రూపాయల్లో 36 లక్షల వరకూ అవుతుందంటే ఇక్కడి పాఠకులకు గుండె గుభేల్మనొచ్చు. కానీ దీనికి పోటీగా నిలిచే టయోటా రావ్4 ప్లగ్-ఇన్ అంతకంటే ఖరీదు.

తగ్గింపుల సంగతి వేరే కథ. ప్లగ్గుతో నడిచే కార్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే పన్ను రాయితీల్లో 2023లో ఈ బండి వాటా 3,750 డాలర్లు. లీజుకు తీసుకునేవాళ్లకు లీజు కంపెనీ ద్వారా 7,500 డాలర్ల దాకా కలిసొచ్చే దారీ ఒకటుండేది. 2025 జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన పన్నుల చట్టం ఆ తలుపులన్నీ సెప్టెంబర్ 30తో మూసేసింది. అదే చట్టం మరో చిన్న కిటికీ తెరిచింది. అమెరికాలోనే బిగించిన కొత్త కారును అప్పు మీద కొంటే, ఆదాయ పరిమితికి లోబడి, ఏడాదికి 10 వేల డాలర్ల దాకా వడ్డీని 2028 వరకూ పన్ను లెక్కలోంచి తీసేయొచ్చు. కారు ఎక్కడ బిగించారో ముందు అద్దం కింద కనిపించే 17 అక్షరాల గుర్తింపు సంఖ్యే చెబుతుంది. మొదటి అంకె 1 అయితే అమెరికా. ఫోర్డ్ బండ్లలో 11వ స్థానంలో 'యు' అక్షరం ఉంటే లూవిల్. కార్ల షెడ్డులో మేనల్లుడు వంగి వంగి చూసింది ఆ అక్షరం కోసమే.

నది అవతలి ఒడ్డు ఇండియానా రాష్ట్రం. వంతెన దాటితే చాలు, పన్నులు మారతాయి. రెండు ఒడ్డుల్లోనూ కలిపి మేము మూడు షోరూములు తిరిగాం. మామూలు పెట్రోలు ఎస్కేప్‌లు బారులు తీరి ఉన్నాయి. ప్లగ్-ఇన్‌లు దొరికినవి రెండే. ఒకచోట సేల్స్‌మన్ మర్యాదస్తుడు. చార్జింగు ఎలా పెట్టాలో మాత్రం ఆయనకు తెలియదు. మరోచోట ఆఖరి బండ్లంటూ స్టిక్కరు ధరకు పైన రెండు వేల డాలర్లు తగిలించారు. దానికి 'మార్కెట్ సర్దుబాటు' అని పేరు.

"అపురూపమని రెండు వేలు ఎక్కువ అడుగుతున్నారు మామయ్యా. ఆగిపోయిన మోడల్ అని రేపు నేను అమ్మబోతే వీళ్లే అయిదు వేలు తక్కువిస్తారు" అన్నాడు వాడు, బయటికొచ్చాక.

"అయితే బేరం ఆడాల్సింది రేపటి ధర పట్టుకునిరా" అన్నాను.

మొదటి షోరూము బండినే నడిపి చూశాం. స్టార్ట్ నొక్కితే శబ్దం లేదు. బండి కదిలాక టైర్ల సవ్వడి తప్ప మరేమీ వినిపించదు. హైవే ఎక్కి కాలు గట్టిగా నొక్కితే అప్పుడు ఇంజిన్ నిద్రలేచి కాస్త గొణుగుతుంది. వెనక సీట్లో ముగ్గురికి చోటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. ముందు చక్రాలకే శక్తి అందుతుంది. లూవిల్ మంచుకు అది చాలునని ఇక్కడివాళ్ల మాట. ఫాస్ట్ చార్జింగ్ సౌకర్యం లేదు. ఇంట్లో ప్లగ్గు లేనివాడికి ఈ బండి అర్థం లేని కొనుగోలు.

అసలు లెక్క ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర తేలింది. లెక్క వేసింది కోడలు. బండిని పూర్తిగా చార్జి చేయడానికి గోడ నుంచి 12 యూనిట్లు తీసుకుంటుంది. యూనిట్ 13 సెంట్ల చొప్పున డాలరున్నర. అదే దూరం మామూలు హైబ్రిడ్ ఎస్కేప్‌లో తిరిగితే గాలన్ 3 డాలర్ల చొప్పున 2 డాలర్ల 80 సెంట్లు. పెట్రోలు బండి అయితే మూడున్నర పైన. అంటే మామూలు హైబ్రిడ్‌తో పోలిస్తే పనిరోజుకు ఆదా డాలరుంపావు. ఏడాదికి మూడొందల పైచిలుకు.

"మామయ్యగారూ, హైబ్రిడ్‌కూ దీనికీ తేడా మూడు వేలుంటే తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. వెయ్యికి దించితేనే మనకు లాభం" అని కాగితం నా ముందుకు జరిపింది. పెట్రోలు చవకగా దొరికే దేశంలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఎందుకు వెనకబడిందో చెప్పడానికి ఆ కాగితం చాలు. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు ధరతో ఇదే లెక్క వేస్తే జవాబు తలకిందులవుతుంది. కానీ మన దేశంలో ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు ఇప్పటిదాకా ఎక్కువగా విలాస కార్ల దుకాణాల్లోనే కనిపించాయి.

కరెంటుతో నడిస్తే గాలి శుభ్రమా అన్న ప్రశ్నకూ లూవిల్‌లో సూటి జవాబు లేదు. కెంటకీ బొగ్గు రాష్ట్రం. ఇక్కడి కరెంటులో దాదాపు మూడింట రెండు వంతులు బొగ్గు నుంచే వస్తుంది. నగరానికి నైరుతిలో నది ఒడ్డున మిల్ క్రీక్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. ప్లగ్-ఇన్ బండి వీధిలో పొగ తగ్గిస్తుంది. ఆ పొగలో కొంత ఆ గొట్టాల దగ్గరికి మారుతుంది. కరెంటు చవకగా దొరకడానికీ ఆ బొగ్గే కారణం.

మరో శంక బ్యాటరీ. 2024 డిసెంబర్‌లో ఫోర్డ్ 20 వేలకు పైగా ఎస్కేప్, లింకన్ కోర్సెయర్ ప్లగ్-ఇన్ బండ్లను వెనక్కి పిలిచింది. 2020 నుంచి 2024 దాకా మోడళ్లవి. బ్యాటరీ సెల్‌లో షార్ట్ సర్క్యూట్ జరిగే ప్రమాదం ఉందని, సరిచేసేదాకా ప్లగ్గులో పెట్టవద్దని యజమానులకు చెప్పింది. ప్లగ్గు కోసం డబ్బు పోసి కొన్న బండిని ప్లగ్గులో పెట్టకూడదన్నమాట. ఇదే జాతి బండి యూరప్‌లో కూగా పేరుతో అమ్ముడవుతుంది. దానికి 2020లో బ్యాటరీ మంటల తగాదా తలెత్తడం వల్లే అమెరికాలో ప్లగ్-ఇన్ ఎస్కేప్ విడుదల ఆలస్యమైంది. కాబట్టి ఆఖరి మోడల్ కొనేవాడైనా, సెకండ్‌హ్యాండ్ కొనేవాడైనా మొదట చేయాల్సిన పని గుర్తింపు సంఖ్యతో రీకాల్ పని పూర్తయిందో లేదో చూసుకోవడం. కొంత ఊరట ఏమంటే హైబ్రిడ్ భాగాలకు, బ్యాటరీకి 8 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ఉంది. మోడల్ ఆగినా వారంటీ ఆగదు.

మర్నాడు ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్లాం. చూడటమంటే బయటి నుంచే. విమానాశ్రయానికి దక్షిణంగా, ఫెర్న్ వ్యాలీ రోడ్డు మీద లూవిల్ అసెంబ్లీ ప్లాంట్ కిటికీలు లేని పొడవాటి షెడ్డులా పరుచుకుని ఉంటుంది. ఆ చుట్టుపక్కల నేల అప్పటికింకా తేరుకోలేదు. 2025 నవంబర్ 4న యూపీఎస్ సరుకు విమానం పైకి లేస్తూనే ఈ దాపుల్లోనే కూలి, విమానంలోని ముగ్గురితో పాటు కింద పనుల్లో ఉన్నవాళ్లనూ బలి తీసుకుంది. ఊరి బతుకుతెరువులు రెండూ, విమానమూ కారూ, గోడకు గోడ ఆనుకుని ఉండే చోటది.

ఫోర్డ్‌కు లూవిల్ కొత్త కాదు. 1913లోనే ఇక్కడ మోడల్ టి కార్లు బిగించడం మొదలుపెట్టింది. ఫెర్న్ వ్యాలీ ప్లాంట్ తెరిచింది 1955లో. ఈ షెడ్డు చూసిన ముగింపులు తక్కువేమీ కాదు. వ్యాపార వైఫల్యానికి మారుపేరుగా మిగిలిన ఎడ్సెల్ కారు ఆఖరి బండ్లు 1959లో ఇక్కడే బయటికొచ్చాయి. రేంజర్ పికప్ వచ్చి వెళ్లింది. ఎస్‌యూవీల మోజుకు ఊపిరి పోసిన ఎక్స్‌ప్లోరర్ 1990 నుంచి 2010 దాకా ఇక్కడే తయారై షికాగోకు తరలిపోయింది. అప్పుడు 60 కోట్ల డాలర్లు పోసి ప్లాంటును తిరగరాసి, 2012లో ఎస్కేప్‌ను తెచ్చారు. 2025 డిసెంబర్‌లో దాని వంతూ వచ్చింది.

ఎస్కేప్ అమ్ముడుపోక ఆగలేదు. ఏటా లక్షకు పైగా అమ్ముడవుతూనే వచ్చింది. ప్లాంటుకు వేరే పని పెట్టాలనుకోవడమే కారణం. 2025 ఆగస్టు 11న ఫోర్డ్ అధిపతి జిమ్ ఫార్లీ ఇదే ప్లాంటులో నిలబడి 200 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. 2027లో ఇక్కడి నుంచి మధ్యస్థాయి ఎలక్ట్రిక్ పికప్ వస్తుంది. ధర 30 వేల డాలర్ల దగ్గర మొదలవుతుందని మాట. హెన్రీ ఫోర్డ్ ప్రపంచానికిచ్చిన సరళరేఖ అసెంబ్లీ లైను స్థానంలో చెట్టు కొమ్మల్లాంటి పద్ధతి. బండి ముందు భాగం, వెనక భాగం, సీట్లతో సహా బ్యాటరీ మూడు కొమ్మల మీద విడివిడిగా తయారై చివర్లో ఒకచోట కలుస్తాయి. విడిభాగాలు 20 శాతం తగ్గుతాయని కంపెనీ చెబుతోంది. పనికి పట్టే సమయం కూడా తగ్గుతుంది.

సమయం తగ్గితే మనుషులూ తగ్గుతారు. కొత్త పథకం భద్రం చేసేది 2,200 గంట వేతనపు ఉద్యోగాలను. ఎస్కేప్ బిగించిన చేతులు అంతకంటే కొన్ని వందలు ఎక్కువ. ప్లాంటును మార్చే నెలల్లో వాళ్లలో చాలామంది ఇంటి దగ్గరే ఉండాలి. స్వచ్ఛందంగా వెళ్లిపోయేవాళ్లకు కొంత సొమ్ము ముట్టజెబుతారు. మేనల్లుడి వీధి చివర ఉండే ఒక పెద్దాయన ఎక్స్‌ప్లోరర్ రోజుల నుంచీ ఈ ప్లాంటులో పనిచేశాడు. చలిలో కుక్కను తిప్పుతూ కనిపిస్తే కారు సంగతి కదిలించాం. ఏ వారంలో తయారైన బండి కొనబోతున్నారని అడిగాడు. తలుపు స్తంభం మీద తయారీ నెల రాసి ఉంటుందని, అది చూసుకోమని చెప్పాడు. ఆఖరి రోజుల బండ్లు నాసిగా ఉంటాయేమోనన్న మా అనుమానం పసిగట్టాడేమో, చివరి బండి అని తెలిసినప్పుడు ఎవరూ బోల్టు వదులుగా బిగించరని అన్నాడు. తాను మాత్రం సొమ్ము తీసుకుని దిగిపోతున్నాడట. మళ్లీ కొత్త పని నేర్చుకునే వయసు కాదని ఆయన లెక్క.

ఎలక్ట్రిక్ భవిష్యత్తు మీద ఆయన అనుమానానికి ఆధారం 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. లూవిల్‌కు దక్షిణాన గ్లెండేల్ అనే పల్లెలో పొలాల మధ్య ఫోర్డ్, కొరియా కంపెనీ ఎస్‌కె ఆన్ కలిసి మహా బ్యాటరీ ఫ్యాక్టరీ కట్టాయి. 2025 ఆగస్టులో ఉత్పత్తి మొదలైంది. డిసెంబర్‌కల్లా భాగస్వామ్యం విడిపోయింది. అక్కడి దాదాపు 1,600 మంది కార్మికులను తొలగిస్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఇక ఆ ఫ్యాక్టరీలో కార్ల బ్యాటరీలకు బదులు కరెంటు నిల్వ చేసే బ్యాటరీలు చేస్తారట. అదే వారం ఫోర్డ్ తన ఎఫ్-150 లైట్నింగ్ ఎలక్ట్రిక్ ట్రక్కును కూడా ఆపేసింది. దాని స్థానంలో రాబోయేది బ్యాటరీతో పాటు, దాన్ని నింపేందుకు పెట్రోలు జనరేటర్ కూడా ఉండే ట్రక్కు. ఒక చేత్తో ప్లగ్గూ పెట్రోలూ కలిసిన ఎస్కేప్‌ను సాగనంపుతూ, మరో చేత్తో ప్లగ్గూ పెట్రోలూ కలిసిన ట్రక్కుకు స్వాగతం పలుకుతున్నారన్నమాట. ఆ ట్రక్కు మేనల్లుడి లాంటివాళ్ల స్తోమతకు అందేది కాదు.

కంపెనీలు సర్దుకుపోయాక మిగిలిన బండ్లతో బతకడమెలాగో మన వాళ్లకు అనుభవమే. 2014లో మారుతి 800, అంబాసిడర్ రెండూ నిలిచిపోయాయి. 2021 సెప్టెంబర్‌లో ఇదే ఫోర్డ్ భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. గుజరాత్‌లోని సాణంద్ ప్లాంటు టాటాల చేతికి వెళ్లింది. చెన్నై దగ్గరి మరైమలై నగర్ ప్లాంటులో 2022లో చివరి బండి బయటికొచ్చింది. ఆఖర్లో ఎకోస్పోర్ట్ కొన్నవాళ్లు స్పేర్ పార్టుల కోసం ఎంత భయపడ్డారో తెలుగు రాష్ట్రాల్లో చాలా కుటుంబాలకు గుర్తుండే ఉంటుంది. మరైమలై నగర్‌కు 2025 అక్టోబర్‌లో మళ్లీ ఆశ చిగురించింది. 3,250 కోట్ల రూపాయలతో 2029 నుంచి అక్కడ ఇంజిన్లు తయారు చేస్తామని ఫోర్డ్ తమిళనాడుతో ఒప్పందం చేసుకుంది. ఫ్యాక్టరీ ఊళ్ల జాతకం చెన్నై శివారులోనైనా కెంటకీలోనైనా ఒక్కలాగే ఉంటుంది. తలరాత రాసేవాళ్లు డెట్రాయిట్ పక్కనున్న డియర్‌బోర్న్‌లో ఉంటారు.

ఎస్కేప్ విషయంలో స్పేర్ పార్టుల భయం కొంత తక్కువ. అమెరికాలో ఈ బండ్లు లక్షల్లో తిరుగుతున్నాయి. అదే కుదురు 2.5 లీటర్ల హైబ్రిడ్ ఇంజిన్‌తో మెక్సికోలో మావెరిక్ పికప్ తయారవుతోంది. స్పెయిన్‌లోని వాలెన్సియాలో కూగా ఉంది. పార్టుల కంటే రీసేల్ గురించే ఎక్కువ ఆలోచించాలి. ఆగిపోయిన మోడల్ విలువ సాధారణంగా త్వరగా జారుతుంది. బండి అరిగిపోయేదాకా వాడుకునేవాళ్లకు దానితో పేచీ లేదు. మధ్యలో అమ్మాల్సి వచ్చేవాళ్లకే దెబ్బ.

మేనల్లుడికి అసలు చిక్కు అక్కడే ఉంది. కారు అప్పు అయిదేళ్లది. చేతిలో ఉన్న హెచ్-1బి వీసా గడువు రెండేళ్లు కూడా లేదు. గ్రీన్ కార్డు వరస ఎప్పటికి కదులుతుందో తెలియదు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, పాతవాళ్లకు వర్తించదని తేలేదాకా ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదట. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఇచ్చే వ్యవధి 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఇల్లు సర్ది, పిల్ల స్కూలు మాన్పించి, కారు కూడా అమ్మాలి. అప్పుడు అప్పు బాకీ కారు విలువను మించి ఉంటే, తేడా చేతి నుంచి కట్టి విమానం ఎక్కాలి. లూవిల్‌లో, డాలస్‌లో, ఎడిసన్‌లో వేలాది తెలుగు కుటుంబాలు కారు కొనేటప్పుడు పైకి మైలేజీ గురించి మాట్లాడుకుంటూ లోపల వేసే లెక్క ఇదే.

కోడలు దానికీ ఒక సూత్రం తయారు చేసింది. ఏ నెలలో చూసినా అప్పు బాకీ, బండి అమ్మితే వచ్చే ధర కంటే తక్కువ ఉండాలి. ఆగిపోయిన మోడల్ కాబట్టి విలువ మామూలు కంటే వేగంగా పడుతుందనుకోవాలి. అందుకు తగ్గట్టు మొదటే మూడో వంతు నగదుగా కట్టేయాలి. వడ్డీ ఏడు శాతం దరిదాపు ఉన్న రోజుల్లో అది మరో విధంగానూ మేలే. రెండేళ్ల తర్వాత ఇక్కడే ఉంటే బండి అరిగేదాకా వాడుకోవచ్చు. వెళ్లాల్సి వస్తే ఎవరికీ బాకీ పడకుండా వెళ్లొచ్చు.

ఆ సూత్రం పట్టుకుని వాళ్లు బేరానికి కూర్చున్నారు. రెండు వేలు పైన అడిగిన షోరూము గడప మళ్లీ తొక్కలేదు. చార్జింగు తెలియని సేల్స్‌మన్ ఉన్న మొదటి చోటే, ఏడాది చివరి రోజుల్లో పాత స్టాకు వదిలించుకునే తొందర మావాడికి కలిసొచ్చింది. హైబ్రిడ్ ధరకు వెయ్యి డాలర్ల లోపు తేడాకు దించారు. పైన కెంటకీ వాహన పన్ను 6 శాతం. పత్రాలు రాసే రుసుము పేరుతో మరికొన్ని వందలు. గుర్తింపు సంఖ్యలో 11వ అక్షరం 'యు'. తలుపు స్తంభం మీద తయారీ నెల చూశాం. రీకాల్ బాకీలేవీ లేవు. సంతకాలు పెట్టేటప్పుడు మావాడు నవ్వలేదు. తాళం చేతికొచ్చాకే నవ్వాడు.

ఇలాంటి బండి కోసం చూస్తున్నవాళ్లు లూవిల్ దాకా రానక్కర్లేదు. మిగిలినవి ఏ ఊళ్లో ఉన్నా ప్రశ్నలు ఇవే. రోజూ తిరిగే దూరం బ్యాటరీ దూరానికి లోపలే ఉందా? చలికాలంలో ఆ దూరం తగ్గుతుందని గుర్తు పెట్టుకున్నారా? రాత్రి బండి నిలిపే చోట ప్లగ్గు ఉందా? మామూలు హైబ్రిడ్‌తో ధర తేడా నాలుగేళ్ల ఆదాలో తీరుతుందా? ఆఖరి సరుకు అన్న మాట విని అమ్మేవాడు ధర పెంచుతున్నాడా, తగ్గిస్తున్నాడా? వీటిలో ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా తొందరపడి కొనాల్సిన పనిలేదు.

ఊరు చూడాలనుకునేవాళ్లకైతే ఏప్రిల్, మే నెలలు మంచివి. డెర్బీ హడావిడి, నది ఒడ్డున బాణసంచా, పూలు అప్పుడే. అలీ మ్యూజియం, బేస్‌బాల్ బ్యాట్ల ఫ్యాక్టరీ నడిచి తిరిగేంత దగ్గర్లో ఉంటాయి. నది మీద పాత రైలు వంతెనను ఇప్పుడు పాదచారులకు వదిలేశారు. సాయంత్రం దాని మీద నడిచి ఇండియానా ఒడ్డుకు వెళ్లి వెనక్కి చూస్తే ఊరంతా కనిపిస్తుంది. ఫెర్న్ వ్యాలీ రోడ్డు టూరిస్టుల దారి కాదు. 2027లో అక్కడి నుంచి మొదటి ఎలక్ట్రిక్ పికప్ చెప్పిన ధరకే బయటికొస్తుందా అన్నది మాత్రం ఈ ఊళ్లో ఏ గుర్రప్పందెం కంటే పెద్ద పందెం. దాని మీద కాసింది 2,200 కుటుంబాలు.